చిన్నబండి చెప్పే సాక్ష్యం

మనిషి చేతిలో రూపుదిద్దుకొన్న వస్తువులలో వాహనానికి పట్టిన దుర్గతి మరొకదానికి పట్టలేదేమో. ఇల్లు కూలితే పునాది మిగులుతుంది. కుండ పగిలితే పెంకు మిగులుతుంది. నాణెం ఎంత అరిగినా నాణెంగానే మిగులుతుంది. బండి విరిగితే మాత్రం కొయ్య పొయ్యిలోకీ, ఇనుము కొలిమిలోకీ పోతాయి. ఉపయోగం తీరిన మరుక్షణమే దాని ఉనికి కూడా తీరిపోతుంది.

అందుచేత వాహనాల చరిత్ర రాయబూనినవారికి ఒక విచిత్రమైన అనుభవం ఎదురవుతుంది. తరతరాలుగా ధాన్యాన్నీ, ఉప్పునూ, పెండ్లివారినీ, సైనికులనూ మోసిన పెద్దబండ్లు దొరకవు. వాటిని చూసి ఎవరో చేసిన జానెడు బొమ్మబండి దొరుకుతుంది. పెద్దది పోయి చిన్నది మిగలడం, మిగిలిన చిన్నదే పోయిన పెద్దదానికి సాక్షిగా నిలవడం వాహనాల చరిత్రలో పదే పదే కానవస్తుంది.

నమూనా వాహనాలను కూర్చి, వాటికి రంగులు వేసే వ్యాపకాన్ని మనం సాధారణంగా పిల్లల ఆటగానో, తీరిక ఉన్నవారి సరదాగానో పరిగణిస్తాం. అది నిజానికి ఒక విధమైన చరిత్ర రచన అనీ, ఆధారాలను వెదకి తూచవలసిన బాధ్యత చరిత్రకారునికి ఉన్నట్లే నమూనాకారునికీ ఉందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మట్టిలో మిగిలిన బండ్లు

సింధు నాగరికత నగరాలలో తిరిగిన కొయ్యబండి ఒక్కటైనా నిండు రూపంతో మనకు దక్కలేదు. అయినా ఆ బండి ఎలా ఉండేదో చెప్పగలుగుతున్నాం. హరప్పా, మొహెంజొదారో, చన్హుదారో మొదలైన చోట్ల కాల్చిన మట్టితో చేసిన చిన్నబండ్లు విస్తారంగా లభించడమే ఇందుకు కారణం. నేడు పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో ఉన్న చన్హుదారోలో 1935-36 సంవత్సరాలలో ఎర్నెస్ట్ మెకే జరిపిన తవ్వకాలు ఈ విషయంలో పేర్కొనదగినవి. బండి చట్రానికి అంచుల వెంబడి రంధ్రాలు, వాటిలో నిలబెట్టే పుల్లలు, ఆకులు లేని దిమ్మచక్రాలు, నడుమ ఉబ్బెత్తుగా కుంభి - ఇవన్నీ మట్టిముద్దపై నమోదై ఉన్నాయి. హరప్పాలోనూ, చన్హుదారోలోనూ లోహంతో చేసిన అతి చిన్న బండ్లు కూడా దొరికాయి. వాటిలో ఒకదానికి పైన గూడు ఉంది. ముందు తోలేవాడు కూర్చొని ఉన్నాడు.

ఈ బొమ్మలను నమ్మవచ్చునా అన్న ప్రశ్న సహజం. పిల్లవాని బొమ్మ చేసినవాడు కొలతలు పాటించాడని ఎవరు చెప్పగలరు? ఇక్కడ మరొక సాక్ష్యం తోడైంది. హరప్పాలో బండి చక్రాల జాడలు బయటపడ్డాయి. ఆ జాడల మధ్య దూరం సుమారు మూడున్నర అడుగులు. సింధు ప్రాంతంలో ఇటీవలి శతాబ్దాలలో నడిచిన ఎడ్లబండ్ల వెడల్పుకు అది దగ్గరగా ఉందని పురావస్తు శాస్త్రజ్ఞులు గుర్తించారు. బొమ్మ ఆకారాన్ని చెప్పింది, నేల కొలతను చెప్పింది. రెండు సాక్ష్యాలూ కలిసినప్పుడే బండి కదిలింది.

మ్యూజియంలో అద్దాల వెనుక మనం చూసే ఆ మట్టిబండ్లలో మరొక విశేషం ఉంది. చట్రమూ, చక్రాలూ మట్టివి కనుక మిగిలాయి. ఇరుసూ, నొగా కొయ్యవి కనుక పోయాయి. నేటివారు కొత్త పుల్లను ఇరుసుగా అమర్చి, చట్రానికి చక్రాలను జతపరచి, బండిని నిలబెడతారు. అనగా, ఆ బండిని మొదట చేసినవాడు ఒక నమూనాకారుడైతే, నాలుగు వేల ఏండ్ల తరువాత దానిని తిరిగి కూర్చినవాడు మరొక నమూనాకారుడు. పెట్టె తెరిచి విడిభాగాలను ముందు పోసుకొని కూర్చునే నేటి అభిరుచిపరుడు చేసే పని ఇంతకంటె భిన్నమైనది కాదు.

రంగు విషయంలోనూ ఈ మట్టిబండ్లు ఒక పెద్ద వాదానికి మూలమయ్యాయి. కాలీబంగన్, రాఖీగఢీ వంటి చోట్ల దొరికిన కొన్ని మట్టిచక్రాలపై నడుమ నుంచి అంచుకు గీసిన రంగుగీతలు ఉన్నాయి. అవి ఆకుల చక్రాన్ని సూచిస్తాయని బి.బి. లాల్ వంటి పండితులు వాదించారు. అవి కేవలం అలంకారం కావచ్చునని మరికొందరి అభిప్రాయం. ఆకుల చక్రం మన దేశంలో ఎప్పుడు వచ్చిందన్నది చిన్న ప్రశ్న కాదు. రథం, గుర్రం, వలసలు మొదలైన ఎన్నో వివాదాలు దానితో ముడిపడి ఉన్నాయి. కుంచెతో గీసిన నాలుగు గీతలు ఇంత బరువు మోయవలసి వస్తుందని ఆ బొమ్మకు రంగు వేసినవాడు ఊహించి ఉండడు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని బాగ్‌పత్ జిల్లా సినౌలీలో నిజమైన వాహనాల అవశేషాలు బయటపడ్డాయి. అక్కడ కూడా కొయ్య మట్టిలో కలిసిపోగా, చక్రాలపై త్రికోణాకారంలో పొదిగిన రాగి మిగిలింది. అవి రథాలా, బండ్లా అన్న చర్చ సాగుతూనే ఉంది. నిజమైన బండి దొరికినా వివాదం తీరలేదంటే, బొమ్మలను మాత్రమే నిందించి లాభం లేదు.

కంచుబండి, మట్టిబండి

1974లో మహారాష్ట్రలోని ప్రవరా నదీతీరాన దైమాబాద్ అనే గ్రామంలో నాలుగు కంచుబొమ్మలు ఒకే చోట లభించాయి. ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు, రెండు ఎద్దులు లాగే బండి. నాలుగూ కలిపి 60 కిలోలకు పైగా తూగాయి. వీటిలో బండి పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. రెండు చక్రాల మీద నిలిచి, సన్నని పొడవాటి నొగకు రెండు ఎద్దులను కట్టుకొని, వెనుక మనిషి నిలబడి తోలుతున్న ఆ కూర్పులో ప్రతి భాగమూ వాహనాన్ని దగ్గరగా ఎరిగినవాడు చేసినట్లు కనిపిస్తుంది. ఇవి హరప్పా సంస్కృతి చివరి దశకు చెందినవని ఎం.కె. ధవళీకర్ భావించగా, లోహపు కూర్పును బట్టి ఆ కాలనిర్ణయాన్ని శంకించినవారు కూడా ఉన్నారు. ఇంత బరువైన కంచుబండి పిల్లవాని ఆటవస్తువు కాజాలదు. ఊరేగింపుకో, మొక్కుబడికో చేసినది కావచ్చు. నమూనా అన్నది ఆటకు మాత్రమే పరిమితం కాదని ఇది గుర్తుచేస్తుంది.

సంస్కృత సాహిత్యంలో ఒక గొప్ప నాటకానికి బొమ్మబండే పేరు ఇచ్చింది. శూద్రకుని మృచ్ఛకటికంలో చారుదత్తుని కుమారుడు రోహసేనుడు ఇరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొన్నాడు. అది చేయి జారిపోయాక, దాసి చేసి ఇచ్చిన మట్టిబండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపి, బంగారుబండి చేయించుకోమంటుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తుని మీద సాక్ష్యంగా మారతాయి. మట్టిబండి అలా ఒక కుటుంబం దారిద్ర్యాన్నీ, ఒక స్త్రీ ఔదార్యాన్నీ, ఒక అపనిందనూ మోసింది. బొమ్మ విలువ అది దేనితో చేయబడిందన్న దాన్ని బట్టి గాక, దేనిని మోస్తున్నదన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుందని నాటకకర్త ఎరుగును.

కొండపల్లి పాఠం

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. కృష్ణాతీరాన కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేసే పద్ధతిని పరిశీలిస్తే, నేటి నమూనాకారుడు అనుసరించే క్రమమంతా అందులో కనిపిస్తుంది. తేలికైన ఆ కొయ్యలోని తేమను వేడితో పోగొట్టి, ముక్కలను విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలను అతికి, అతుకులను పూడ్చి, ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. సున్నపుపూత పూసి ఆరిన తరువాతనే రంగులు వేస్తారు. విడిభాగాలు, అతుకు, పూడిక, నునుపు, తొలిపూత, రంగు - ఇదే వరుస. ప్లాస్టిక్ కిట్టులోనూ వరుస ఇదే. చింతగింజల పిండికి బదులు జిగురు, సున్నానికి బదులు ప్రైమర్ అంతే. సున్నపుపూత సరిగా లేనిదే రంగు నిలవదని కొండపల్లి పనివారు అనుభవంతో ఎరిగినదానినే కిట్టుపెట్టెలోని సూచనాపత్రం కూడా చెబుతుంది.

కొండపల్లి బొమ్మలలో అంబారీ ఏనుగు, ఎడ్లబండి ప్రసిద్ధమైనవి. ఏనుగు మీద అంబారీ కట్టి ఊరేగేవారు మన వీధులలో లేరు. ఎడ్లబండి కూడా చాలా ఊళ్ళలో ట్రాక్టరుకు చోటు ఇచ్చింది. అయినా బొమ్మల కొలువులో అవి ఇంకా మెట్ల మీద నిలుస్తాయి. ఆ మెట్ల మీదనే, కొన్ని ఇళ్ళలో, ఎప్పుడో కొన్న రేకుకారు, ప్లాస్టిక్ బస్సు కూడా చేరాయి. ఒక ఇంటి కొలువును కింది మెట్టు నుంచి పై మెట్టుదాకా చూస్తే, ఆ ఇంటివారు మూడు తరాలుగా ఏయే వాహనాలను చూశారో తెలుస్తుంది.

నమూనా లేని చోట ఎంత నష్టమో చెప్పడానికి కూడా మన తీరంలోనే ఉదాహరణ ఉంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ, మరమ్మతుకూ పేరు పొందిన రేవు. 1839 నాటి పెనుతుఫాను ఆ రేవును ఊడ్చివేసింది. అక్కడి ఓడలు బర్మా దాకా ప్రయాణించాయని చదువుతాం. కాని ఆ ఓడను మన ఎదుట నిలబెట్టే సమకాలీన నమూనాను నేను ఏ మ్యూజియంలోనూ చూడలేదు. కట్టినవారికి దాని రూపు కంఠస్థం. వారితోనే అది పోయింది.

నిష్పత్తి అనే నియమం

బొమ్మకూ నమూనాకూ భేదం ఒక్కటే: కొలత. ప్రతి భాగమూ ఒకే నిష్పత్తిలో చిన్నదైతే అది నమూనా. పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో యుద్ధనౌకల నమూనాలను ఈ నియమంతో చేశారు. అసలు ఓడలో ఒక అడుగుకు నమూనాలో పావు అంగుళం, అనగా 1:48 నిష్పత్తి. ఆ ఓడలు ఏనాడో మునిగిపోయాయి, లేదా విరిచివేయబడ్డాయి. గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియంలో నమూనాలు నిలిచి ఉన్నాయి.

ఈ నియమం సామాన్యుల చేతికి వచ్చినది ఇరవయ్యవ శతాబ్దంలో. 1930ల ఆరంభంలో ఇంగ్లండులో స్కైబర్డ్స్ పేరిట కొయ్యవిమానాల కిట్లు 1:72 నిష్పత్తిలో వచ్చాయి. ఒక అంగుళానికి ఆరడుగులు - లెక్క సులువు. 1936లో ఫ్రాగ్ సంస్థ అదే నిష్పత్తిలో పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ కిట్లను విడుదల చేసింది. ఆపైన యుద్ధం వచ్చింది. ఆకాశంలో కనిపించేది స్వపక్ష విమానమో, శత్రు విమానమో క్షణంలో గుర్తించడం ప్రాణావసరమైంది. 1942లో అమెరికా నౌకాదళం అక్కడి పాఠశాలల విద్యార్థులను 5 లక్షల నమూనా విమానాలు చేసి ఇమ్మని కోరింది. 50 రకాలు, ఒక్కొక్కటి 10,000. 1:72 నమూనాను 35 అడుగుల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 2,520 అడుగుల దూరం నుంచి, అనగా దాదాపు అర మైలు నుంచి చూసినట్లే. ఆ నమూనాలన్నిటికీ నల్లరంగు వేయించారు. ఆకారం తప్ప మరేదీ కంటికి అడ్డు రాకూడదన్నది ఉద్దేశం. పిల్లల చేతి నైపుణ్యాన్ని రాజ్యం ఇంత గంభీరంగా తీసుకొన్న సందర్భాలు అరుదు.

యుద్ధానంతరం ఈ పని మళ్ళీ సరదాగా మారింది. హంగరీ నుంచి వచ్చిన నికొలాస్ కోవ్ 1939లో ఇంగ్లండులో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ, 1949లో ఫెర్గుసన్ ట్రాక్టరు నమూనాను తయారుచేసింది. అమ్మకపు ప్రతినిధులు రైతులకు చూపడానికి ట్రాక్టరు సంస్థ కోరగా చేసినది అది. విడిభాగాలుగా పెట్టెలో వేస్తే కొనేవారే కూర్చుకొంటారన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. ఆ సంస్థ 2006లో హార్న్‌బీ యాజమాన్యంలోకి వచ్చింది. తరువాతి సంవత్సరాలలో దాని కిట్లు అనేకం భారతదేశంలోనే తయారయ్యాయి. ఒక బ్రిటిష్ విమానం నమూనా పెట్టెపై మన దేశం పేరు చూసినప్పుడు చరిత్ర విద్యార్థికి చిరునవ్వు రాకమానదు.

జపానులోని షిజువోకాలో టామియా సంస్థ 1946లో కలప వ్యాపారంగా మొదలై, కొయ్య నమూనాలు చేస్తూ, 1960లో ప్లాస్టిక్‌కు మారింది. ఆపైన వెలువడిన పాంథర్ యుద్ధట్యాంకు నమూనాలో చిన్న మోటారు, బ్యాటరీలు పట్టవలసి వచ్చింది. అవి పట్టేంత కొలతకు నమూనాను చేశారు. అది ఏ నిష్పత్తి అని తరువాత లెక్కించి చూస్తే సుమారు 1:35 అని తేలింది. బ్యాటరీ నిర్ణయించిన ఆ కొలతే నేడు ప్రపంచమంతటా సైనిక వాహనాల నమూనాలకు ప్రమాణం. శాస్త్రీయంగా కనిపించే ప్రమాణాల వెనుక ఇట్టి యాదృచ్ఛికాలు ఉంటాయని చరిత్ర మనకు తరచు చెబుతూనే ఉంటుంది. ఆ సంస్థకు దీర్ఘకాలం సారథ్యం వహించిన షున్సాకు టామియా 2025లో మరణించారు. పోర్షా కారు నమూనా చేయడానికి నిజమైన పోర్షా కారును కొని, విడిభాగాలుగా ఊడదీసి పరిశీలించిన సంస్థగా దానికి పేరు. మూలాధారాన్ని స్వయంగా చూడాలన్న చరిత్రకారుని నియమం ఇంతకంటె వేరు కాదు.

రంగు చెప్పే నిజం

కొలత కంటె కఠినమైనది రంగు. కొలతను పటం నుంచి తీసుకోవచ్చు. రంగు పటంలో ఉండదు. నలుపు తెలుపుల ఛాయాచిత్రంలో ఉండదు. రంగుల ఛాయాచిత్రంలో ఉన్నా, కాలం గడిచిన కొలదీ వెలిసిపోతుంది. పైగా అసలు వాహనానికి వేసిన రంగునే నమూనాకు వేస్తే అది మరీ ముదురుగా కనిపిస్తుంది. దూరపు కొండ లేతగా కనిపించినట్లే, దూరపు వాహనమూ లేతగా కనిపిస్తుంది. చిన్న నమూనాను చూడడమంటే దూరం నుంచి చూడడమే కనుక, అనుభవజ్ఞులు రంగులో కొంత తెలుపు కలుపుతారు. అసలు రంగు వేస్తే అబద్ధంగా కనిపించడం, మార్చి వేస్తే నిజంగా కనిపించడం ఈ విద్యలోని వైచిత్రి.

రంగు ఆరిన తరువాత అసలు పని మొదలవుతుంది. పలుచని ముదురు రంగును సందులలోకి పారించి నీడలు తెస్తారు. దాదాపు ఆరిన కుంచెతో అంచులను తాకి అరుగుదల చూపుతారు. చక్రాల చుట్టూ ఆ ప్రాంతపు మట్టిరంగు అద్దుతారు. ఇక్కడ ప్రతి మరకా ఒక వాక్యం. 1965 యుద్ధంలో ఖేంకరణ్ రంగంలో హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద అమర్చిన రీకాయిల్‌లెస్ తుపాకితో పాటన్ ట్యాంకులను ఎదుర్కొని, ప్రాణాలర్పించి, పరమవీరచక్ర పొందారు. ఆ జీపును నమూనాగా చేయదలచినవాడు దానిని ప్రదర్శనశాలలోని కొత్త వాహనంలా మెరిపిస్తే అది చరిత్రకు అపచారం. అది చెరకుతోటల మధ్య పొంచి తిరిగిన జీపు. దాని మీద పంజాబు మట్టి ఉండాలి. ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి అని ఆలోచించడంలోనే ఆ రోజును గురించి చదవక తప్పని పరిస్థితి వస్తుంది.

ఒక జీపు కథ

ఇంతదాకా చెప్పినది గ్రంథాల వల్లనూ, మ్యూజియాల వల్లనూ తెలుసుకొన్నది. ఈ విషయం నాకు సొంతమైనది ఒక కార్యాలయపు జీపు వల్ల.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, కోస్తాలోని ఒక డివిజన్ కార్యాలయంలో, పాతబడిన మహీంద్రా జీపును పనికిరానిదిగా నిర్ణయించే ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. మోటారు వాహనాల తనిఖీ అధికారి విలువ కట్టారు. మరమ్మతు ఖర్చు విలువను మించిందని నోటు రాశారు. నేను సంతకం చేశాను. వేలం జరిగింది, సొమ్ము ఖజానాకు జమ అయింది. అందులో తప్పేమీ లేదు. తుఫానులలో జనాన్ని తరలించిన బండి అని అందరికీ తెలుసు; ఎవరమూ దానికి ఒక ఛాయాచిత్రం తీయలేదు.

చాలా ఏండ్ల తరువాత, నమూనాలు కూర్చే అభిరుచి పట్టుకొన్నాక, ఆ జీపును చేయాలనిపించింది. మార్కెట్టులో దొరికేది రెండవ ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపు కిట్టు. దాని రెండు ఇరుసుల మధ్య దూరం అసలులో 80 అంగుళాలు, 1:35లో రెండుంబావు అంగుళాలకు కాస్త ఎక్కువ. మహీంద్రా సంస్థ స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో విల్లీస్ జీపులను కూర్చడంతోనే ఈ రంగంలో అడుగుపెట్టింది గనుక వంశం ఒకటే. కాని ముఖం వేరు, బానెట్టు ఎత్తు వేరు, టాపు వేరు. ప్లాస్టిక్ రేకులు కోసి, పూడ్చి, ఆకురాయితో అరగదీసి ఆకారం తెచ్చాను. రంగు దగ్గర ఆగిపోయాను. ఆ జీపు రంగు నాకు గుర్తు లేదు.

పాత కార్యాలయానికి వెళ్ళి అనుమతితో రికార్డులు చూశాను. లాగ్ బుక్కులలో ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఉంది. ఎన్ని లీటర్ల డీజిల్ పోసినదీ ఉంది. మరమ్మతుల రిజిస్టరులో క్లచ్చి ప్లేటు, బ్యాటరీ, టైర్లు, అన్నీ తేదీలతో ఉన్నాయి. ఒక చోట 'రంగు వేయించుట' అని ఖర్చు పద్దు కూడా ఉంది. ఏ రంగో లేదు. వరద సహాయక కార్యక్రమాల ఛాయాచిత్రాలు కొన్ని దొరికాయి. వాటిలో మేమందరం జీపు ముందు వరుసగా నిలబడి జీపును పూర్తిగా కప్పివేశాం. ఒక దానిలో మాత్రం నా భుజం పక్క మడ్‌గార్డు కనిపించింది, అదీ నలుపు తెలుపుల నకలులో.

చివరకు ఆ జీపును ఇరవై ఏండ్లు నడిపి, పదవీవిరమణ చేసిన డ్రైవరుగారి ఇంటికి వెళ్ళాను. రంగు వేయని నమూనాను ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు తిప్పి చూశారు.

"ఎడమ పక్క అద్దం తీసేయండి సార్. అది ఎప్పుడో విరిగింది, మళ్ళీ పెట్టించలేదు" అన్నారు.

నేను ఇంటికి వచ్చి రిజిస్టరు నకళ్ళు మళ్ళీ చూశాను. ఇరవై ఏండ్ల పద్దులలో అద్దం కొన్నట్లు ఒక్కచోటా లేదు. రికార్డులోని మౌనం కూడా సాక్ష్యమేనని చరిత్ర తరగతిలో విన్నాను. దానిని చేతితో తాకి చూసినది ఆ రోజే. అద్దం తీసేశాను. ఆయన చెప్పిన ప్రకారం బాడీకి వెలిసిన మీగడరంగు, బానెట్టు మీద మాత్రం తరువాత వేయించిన కాస్త తెల్లని పూత, డ్రైవరు సీటు కుడి అంచున చిరుగు, ఆ చిరుగు మీద ఆయన భార్య కుట్టి ఇచ్చిన గుడ్డ - అన్నీ చేర్చాను.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాటకూ రికార్డుకూ పొత్తు కుదరలేదు. పెద్ద తుఫాను వచ్చిన వారంలో బండి ఎక్కడా ఆగలేదని ఆయన గట్టిగా చెప్పారు. ఆ వారంలోనే దారిలో ఫ్యాన్ బెల్టు కొన్న రసీదు రిజిస్టరులో ఉంది. రెండవసారి వెళ్ళినప్పుడు సంకోచిస్తూనే ఆ మాట ఎత్తాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"ఆగింది సార్. వెనక్కి వస్తున్నప్పుడు, ఖాళీ బండి ఆగింది. మనుషులు ఎక్కి ఉన్నప్పుడు ఆగలేదు" అన్నారు.

రిజిస్టరు చెప్పినదీ నిజమే, ఆయన చెప్పినదీ నిజమే. ఆ రెంటి నడుమ ఉన్నదానిని నమోదు చేయడానికి మన ఫారాలలో గడి లేదు. ఆ చిన్న జీపు లేకపోతే ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే నాకు కలిగేది కాదు, ఆ జవాబు ఎక్కడా మిగిలేదీ కాదు. ఆయన ఆ మరుసటి సంవత్సరం కాలం చేశారు.

అడుగున రాయవలసిన మాట

నమూనా తనంతట తాను సత్యం కాదు. చక్కగా రంగు వేసిన నమూనా చక్కగా రాసిన అబద్ధం కూడా కావచ్చు. కంటికి ఇంపుగా ఉన్నదానిని మనం త్వరగా నమ్ముతాం. అందువల్ల నా జీపు నిలబడిన చెక్క అడుగున ఒక కాగితం అతికించాను. అద్దం లేకపోవడానికి రెండు ఆధారాలు. రంగుకు ఒక జ్ఞాపకం. సీటు చిరుగుకు ఒక జ్ఞాపకం. ముందు బంపరు వంపు నా ఊహ. చూసేవారికి ఏది తెలిసినదో, ఏది ఊహించినదో వేరువేరుగా చెప్పడం మ్యూజియంలో పనిచేసేవారికి ఎంత ధర్మమో, ఇంట్లో కుంచె పట్టినవారికీ అంతే.

ఇది ఒక వ్యక్తి ముచ్చటతో ముగిసే విషయం కాదు. మన నౌకాదళపు తొలి విమానవాహక నౌక విక్రాంత్ 1961లో చేరి, 1997లో విరమించి, ముంబయి తీరాన కొంతకాలం మ్యూజియంగా నిలిచి, 2014లో విరిచివేత మొదలై అంతరించింది. దాని ఉక్కులో కొంత భాగం 2016లో ఒక మోటారుసైకిలులో చేరింది. అంతటి నౌకకే కొలిమి తప్పలేదు. ప్రభుత్వ కార్యాలయాల ముంగిట అర్ధశతాబ్దికి పైగా నిలిచిన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో ఉత్తర్‌పాడాలో నిలిచిపోయింది. పదిహేను సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను రద్దు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పొగను తగ్గించడానికీ, భద్రతకూ అది అవసరమే. పాత వాహనాలన్నిటినీ దాచిపెట్టాలని ఎవరూ కోరరు.

కోరదగినది చాలా చిన్నది. వాహనాన్ని వేలం వేసే ఫైలులో ఒక్క పుట అదనంగా చేర్చవచ్చు. నాలుగు వైపుల నుంచి నాలుగు ఛాయాచిత్రాలు, పొడవు వెడల్పు ఎత్తులు, రంగు పేరు, దానిని నడిపినవారు చెప్పిన నాలుగు మాటలు. ఖర్చు లేదు, జాప్యం లేదు. అంబులెన్సుగా తిరిగినదైనా, అగ్నిమాపక వాహనమైనా, సంచార గ్రంథాలయమైనా, దాని రూపు నిలుస్తుంది. పాఠశాలలో ఏ పిల్లవాడో అట్టముక్కతో దాని నమూనా చేయాలనుకొన్న రోజున, 1942 నాటి విద్యార్థులకు ఇచ్చినట్లు, చేతిలో పెట్టడానికి ఒక కొలత ఉంటుంది.

చన్హుదారోలో మట్టిబండి చేసినవాడు మనకోసం చేయలేదు. తన వీధిలో పోతున్న బండిని చూసి చేశాడు. చూసినదానిని చూసినట్లు చేయడం వల్ల నాలుగు వేల ఏండ్ల తరువాత ఆ వీధి మనకు కనబడుతున్నది. ఆ జీపు ఇప్పుడు మా ఇంట్లో పుస్తకాల బీరువాలో ఉంది. దానికి ఎడమ పక్క అద్దం లేదు. అది విరిగి ఊడిందా అని అడిగినవారికి, లేదు, అది అలాగే ఉండేది అని చెబుతుంటాను.